కారు ప్లాస్టిక్ భాగాలకు ఇంట్లో రంగు వేసే ముందు: కడగడం, పేపర్ పట్టడం, ప్రైమర్ కొట్టడం

బంపర్‌కి ఇంట్లో వేసిన రంగు నిలుస్తుందా, ఊడుతుందా అన్నది రంగు డబ్బా మూత తీయకముందే తేలిపోతుంది. నేను మొదటిసారి రంగు వేసిన బంపర్ మూల చూడటానికి కొత్తదానిలా వచ్చింది. రెండు నెలల తర్వాత కారు కడుగుతుంటే, చిన్న రాయి తగిలి రంగు లేచిన చోట నీళ్ల ధార పడింది. అంచు పైకి లేచింది. గోటితో పట్టుకుని లాగితే పాము కుబుసంలా అరచేయంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూశాను. దాని వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది. కింద ప్లాస్టిక్ నల్లగా నిగనిగలాడుతోంది. రంగు ఎక్కడా అంటుకోలేదు, రెండు నెలలూ ఊరికే పైన పరుచుకుని ఉంది.

అక్కడ నేను చేసిన తప్పులు రెండు. కడగకుండా పేపర్ (గరుకుగా ఉండే శాండ్‌పేపర్) పట్టాను. ఇనుముకి కొట్టే ప్రైమర్‌నే, అంటే రంగు కింద వేసే పొరనే, ప్లాస్టిక్‌కీ కొట్టేశాను. రెండూ సరిదిద్దుకుని మళ్లీ చేసిన అదే బంపర్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందుకే ఇక్కడ రంగు వేయడం గురించి చెప్పడం లేదు. దానికి ముందు చేయాల్సిన పని గురించే చెప్తున్నాను, ఏది తర్వాత ఏది చేయాలో ఆ వరుసలోనే.

ముందు అది ఏ ప్లాస్టికో చూడండి

భాగాన్ని తిప్పి వెనకవైపు వెతకండి. అచ్చులో పోసినప్పుడే పడిన చిన్న ఇంగ్లీషు అక్షరాలు రెండు బాణం గుర్తుల మధ్య కనిపిస్తాయి. బంపర్ల మీద ఎక్కువగా ‘పీపీ+ఈపీడీఎం’ అని గానీ ‘టీపీఓ’ అని గానీ ఉంటుంది. అంటే రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్. పక్కన ‘టీడీ20’ అని ఉంటే అందులో 20 శాతం టాల్క్ కలిపారని అర్థం, ముఖానికి రాసుకునే పౌడర్‌లో వాడే ఖనిజమే అది. సైడ్ మిర్రర్ కవర్లు, గ్రిల్లులు, స్పాయిలర్ల మీద ఎక్కువగా ‘ఏబీఎస్’ అనో ‘పీసీ+ఏబీఎస్’ అనో ఉంటుంది. ఏబీఎస్ ఇంకో రకం గట్టి ప్లాస్టిక్, పీసీ అంటే పాలీకార్బొనేట్.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పాలీప్రొపిలీన్ తామరాకు లాంటిది. దాని మీద నీళ్లు పరుచుకోవు, బొట్లుగా జారిపోతాయి. రంగుదీ అదే పరిస్థితి. ఉపరితల శక్తి అని ఒక కొలత ఉంది. పాలీప్రొపిలీన్‌కి అది మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు, నీటికి 72. అంత తక్కువ శక్తి ఉన్న ఉపరితలం తన మీద పడిన ద్రవాన్ని పరుచుకోనివ్వదు. ఏబీఎస్ అంత మొండిది కాదు. శుభ్రంగా కడిగి గరుకు చేస్తే మామూలు ప్రైమర్‌ని కూడా పట్టుకుంటుంది.

అక్షరాలు కనిపించకపోతే, బయటికి కనబడని చోట 180 నంబర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ సన్నం) నాలుగుసార్లు రుద్ది చూడండి. పొడి సన్నగా పిండిలా రాలితే ఏబీఎస్ జాతి. పొడి రాలకుండా మైనంలా సాగి, నూగులా లేస్తే పాలీప్రొపిలీన్ జాతి. చిన్న ముక్క కోసి నీళ్లలో వేసి చూడమని కొందరు చెప్తారు. తేలితే అది పాలీప్రొపిలీన్ జాతే అనుకోవచ్చు, ఏబీఎస్ మాత్రం మునుగుతుంది. కానీ టాల్క్ ఎక్కువ కలిపిన పాలీప్రొపిలీన్ కూడా మునగొచ్చు, కాబట్టి మునిగిందని ఏబీఎస్ అనుకోకండి. అనుమానంగా ఉంటే పాలీప్రొపిలీన్ కిందే లెక్క వేసుకోండి, నష్టమేమీ ఉండదు.

విప్పడం

వీలైతే భాగాన్ని విప్పే చేయండి. కారు మీదే ఉంచి చేస్తే అంచుల సందుల్లోకి పేపర్ వెళ్లదు, మాస్కింగ్ టేప్ అంచున రంగు గట్టు కడుతుంది, ఊడటం ఎక్కువగా అక్కడినుంచే మొదలవుతుంది. విప్పేటప్పుడు క్లిప్పులు, స్క్రూలు ఏ చోటివో రాసి విడివిడిగా పెట్టుకోండి. పార్కింగ్ సెన్సర్లు ఉంటే తీసి పక్కన పెట్టండి.

ఒక్క జాగ్రత్త. కొన్ని కార్లలో బంపర్ లోపల, మూలల్లో గానీ మధ్యలో గానీ, రాడార్ ఉంటుంది. పక్క లేన్‌లో వచ్చే బండిని పసిగట్టేది, ముందున్న బండితో దూరం కొలిచేది అదే. దాని ఎదుట ఉండే ప్లాస్టిక్ మీద పుట్టీ పెట్టినా, రంగు మందంగా వేసినా సిగ్నల్ దెబ్బతింటుంది. మీ కారులో అది ఉంటే, ఆ భాగం గురించి కారు కంపెనీ మాన్యువల్‌లో ఏం చెప్పారో చూశాకే చేయి పెట్టండి.

పేపర్ ముట్టుకోకముందే కడగండి

అందరూ తొందరపడేది ఇక్కడే. రంగు ఊడటానికి నేను చూసిన కారణాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. ఎలాగూ పేపర్‌తో రుద్దుతాం కదా, జిడ్డు దానితోపాటే పోతుందిలే అనిపిస్తుంది. పోదు. పేపర్ ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు చేస్తుంది, పైనున్న జిడ్డుని ఆ గీతల్లోకే నెట్టి కూరుతుంది. తర్వాత ఎంత తుడిచినా గీతల అడుగుదాకా గుడ్డ చేరదు.

వాడిన భాగం మీద మైనం పాలిష్, తారు మరకలు, రోడ్డు జిడ్డు ఉంటాయి. అన్నిటికన్నా చెడ్డది సిలికాన్. డ్యాష్‌బోర్డు, టైర్లు, నల్ల ప్లాస్టిక్ మెరవడానికి కొట్టే స్ప్రేలలో చాలావాటిలో అదే ఉంటుంది. అది ఇసుమంత మిగిలినా ప్రైమర్ పడగానే చేపకళ్లలాంటి గుండ్రటి గుంటలు పడతాయి, రంగు ఆ చోటినుంచి పక్కకి తప్పుకుంటుంది. పని జరిగే చోట ఆ స్ప్రేలు అసలు వాడకండి. గాల్లో తేలి వచ్చి పడినా చాలు.

కొత్త భాగమైతే శుభ్రంగానే ఉంటుందనుకోకండి. అచ్చులోంచి ముక్క తేలిగ్గా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో అచ్చుకి ఒక మందు పూస్తారు. అది ప్లాస్టిక్ మీద పలచటి పొరలా ఉండిపోతుంది, కంటికి కనబడదు. అచ్చులోంచి ప్లాస్టిక్‌ని తప్పించిన మందు రంగుని మాత్రం పట్టుకోనిస్తుందా?

కడిగే పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ లాంటి సన్నటి ప్యాడ్‌తో భాగమంతా తోమండి. మూలలు, మడతలు, వెనకవైపు అంచులతో సహా. మంచి నీళ్లతో నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. ఆరాక మైనం, జిడ్డు తీసే ద్రవంతో తుడవండి. రంగుల షాపులో ‘వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్’ అని అడిగితే ఇస్తారు. ముందు సబ్బు, తర్వాతే ఈ ద్రవం. నీళ్లలో కరిగే మురికి దీనికి లొంగదు, నూనెలో కరిగేది సబ్బుకి పూర్తిగా లొంగదు, అందుకే రెండూ కావాలి.

తుడవడానికి రెండు గుడ్డలు పట్టుకోండి. ఒకటి తడిది, ఒకటి పొడిది. తడి గుడ్డతో ఒక జానెడు మేర తుడిచి, అది ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పేరుకుంటుంది. గుడ్డ మడత తిప్పుతూ ఉండండి. పొడి గుడ్డ మీద మరక రాకుండా పోయినప్పుడు ఆపండి.

థిన్నర్, అసిటోన్ వద్దు. ఏబీఎస్, పాలీకార్బొనేట్ వాటికి మెత్తబడతాయి, కొన్నిసార్లు వెంటనే ఏమీ కాకపోయినా తర్వాత వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. పెట్రోలు అసలే వద్దు. జిడ్డు మిగులుస్తుంది, పైగా అగ్నిప్రమాదం. ఈ దశనుంచి నైట్రైల్ గ్లౌజులు వేసుకునే ముట్టుకోండి, వేళ్ల జిడ్డు కూడా జిడ్డే.

పేపర్ పట్టడం

పేపర్ కొనేటప్పుడు వెనక నంబరుకి ముందు ‘పి’ అక్షరం ఉందో లేదో చూడండి. పి ఉంటే యూరప్ కొలత. లేకపోతే అది అమెరికా కొలత కావచ్చు. తక్కువ నంబర్లలో పెద్ద తేడా లేదు గానీ, అమెరికా 600 అంటే పి1200 అంత సన్నం. నేనిక్కడ చెప్పేవన్నీ పి నంబర్లు.

ఏ నంబరుతో మొదలుపెట్టాలన్నది మీ ముందున్న భాగాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు గట్టిగా ఉండి, మీరు రంగు మాత్రమే మార్చాలనుకుంటే దాన్ని ప్లాస్టిక్ దాకా గీకేయకండి. ఆ పొరకన్నా బాగా అంటుకున్న పొర ఇంట్లో మనం వేయలేం. 600 పేపర్‌తో తడిగా రుద్ది మెరుపు తీసేస్తే చాలు. నున్నటి కొత్త ప్లాస్టిక్‌కి బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ గానీ 500, 600 పేపర్ గానీ సరిపోతుంది. దానికన్నా గరుకుది వాడితే ఆ గీతలు నింపడానికి మళ్లీ ప్రైమర్ మీద ప్రైమర్ కొట్టాలి.

గీతలు పడి రంగు లేచిన బంపర్ అయితే లోతైన చోట 240తో మొదలుపెట్టి, 320, 400 మీదుగా వెళ్లండి. నంబర్లు దాటేయకండి. 240 చేసిన గీతని 320 తీయగలదు, 600 తీయలేదు. పైపైన నున్నగా చేసి లోపల దాచేస్తుంది, రంగు ఆరాక అది బయటపడుతుంది.

పాత రంగు అంచు, ప్లాస్టిక్ కలిసే చోట మెట్టులా ఉంటుంది. దాన్ని వాలులా పలచబరచాలి. రుద్దేకొద్దీ చెట్టు మానులో వలయాల్లా పొరలు విడివిడిగా కనిపిస్తాయి: పైన క్లియర్ (మెరుపునిచ్చే పారదర్శకమైన పొర), దాని కింద రంగు, దాని కింద ప్రైమర్, చివర ప్లాస్టిక్. ఒక్కో వలయం చిటికెన వేలి గోరంత వెడల్పు వచ్చేదాకా రుద్దండి. తర్వాత కళ్లు మూసుకుని పలచటి గుడ్డ మీదుగా వేళ్లు పోనిచ్చి చూడండి. కంటికి అందని మెట్టు వేలికి అందుతుంది. వేలికి తగిలిందంటే రంగు వేశాక కంటికీ కనబడుతుంది.

సమతలంగా ఉన్న చోట పేపర్‌ని రబ్బరు బ్లాకుకి చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే వేళ్ల ఒత్తిడి పడిన చోటల్లా గాడి పడుతుంది. వంపుల్లో మెత్తటి స్పాంజి ప్యాడ్ వాడండి. వాటర్ పేపర్‌ని ముందు పది నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, ఆ నీళ్లలో ఒక చుక్క సబ్బు కలపండి. పేపర్ మూసుకుపోకుండా ఎక్కువసేపు పనిచేస్తుంది. ఒకసారి అటు ఏటవాలుగా, ఒకసారి ఇటు ఏటవాలుగా రుద్దండి.

పాలీప్రొపిలీన్‌తో మాత్రం ఓపిక కావాలి. మిషన్ పెట్టి వేగంగా రుద్దితే వేడికి ప్లాస్టిక్ కరిగి, దూది పింజల్లా నూగు లేస్తుంది. ఆ నూగు మీద ప్రైమర్ పడితే ముళ్లు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఒకసారి లేస్తే, ఇంకా గట్టిగా రుద్దితే ఇంకా లేస్తుంది. ఆపేయండి. పదునైన బ్లేడుని పడుకోబెట్టి నూగు గీసేసి, చేత్తో, తడిగా, సన్న పేపర్‌తో నెమ్మదిగా సరిచేయండి.

చుక్కచుక్కలుగా గరుకు డిజైన్ ఉన్న నల్ల ప్లాస్టిక్‌ని నున్నగా చేయాలని కొందరికి ఉంటుంది. అది పేపర్‌తో అరగదీసే పని కాదు, నూగు తప్ప ఏమీ మిగలదు. డిజైన్‌ని అలాగే ఉంచి రంగు వేయడం మేలు. దానికి పేపర్ లోపలికి చేరదు కాబట్టి స్కాచ్‌బ్రైట్‌తో, మధ్యమధ్యలో పాత టూత్‌బ్రష్‌తో సబ్బు పెట్టి తోమండి.

ఆపే ముందు భాగాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని తిప్పండి. అంతా ఒకే రకంగా మెరుపు చచ్చి కనబడాలి. ఎక్కడ తళుక్కుమన్నా అక్కడ పేపర్ తగల్లేదని. అంచులు, గ్రిల్ కమ్ముల లోపలి పక్కలు, నంబర్ ప్లేట్ గుంట... అక్కడ అలాంటి చోట్లు తప్పకుండా దొరుకుతాయి.

లోతైన గాటు ఉంటే పుట్టీ పెట్టాలి, కానీ ప్లాస్టిక్ కోసమే చేసిన, వంగే రకం పుట్టీ. ఇనుముకి పెట్టేది గట్టిగా ఎండిపోతుంది. బంపర్ కొంచెం వంగగానే పగులుతుంది. పాలీప్రొపిలీన్ మీద అడ్హీషన్ ప్రమోటర్ (పట్టు పెంచే ద్రవం, దాని గురించి కింద చెప్తాను) కొట్టాకే పుట్టీ పెట్టమని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది, అది చదివి చేయండి.

ప్రైమర్‌కి ముందు

పేపర్ పట్టిన నీళ్లు క్లిప్పుల సందుల్లో, మడతల్లో నిలిచి ఉంటాయి. నేనొకసారి పైన ఆరింది కదా అని ప్రైమర్ మొదలుపెడితే, క్లిప్పు సందులోంచి ఒక బొట్టు జారి తడి ప్రైమర్ మీద మధ్యదాకా తెల్లటి దారి గీసింది. ఆ ముక్కంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. భాగాన్ని నిలబెట్టి, తిప్పి, దులిపి, గంటల తరబడి ఆరనివ్వండి.

ఆరాక మళ్లీ వ్యాక్స్ రిమూవర్‌తో రెండు గుడ్డల పద్ధతిలో తుడవండి. ప్లాస్టిక్‌ని పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే కరెంటు పుట్టి గాల్లో ఉన్న దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. దానికి విరుగుడుగా చివరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు కలిపి తడిపిన గుడ్డతో తేలిగ్గా తుడిచి, పైన ట్యాక్ క్లాత్‌ని (దుమ్ము పట్టే జిగురు గుడ్డ) నొక్కకుండా పోనివ్వండి. స్ప్రే చేసే చోట నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది.

ఊపిరితిత్తుల విషయంలో రాజీ వద్దు. పేపర్ పొడికి వాడే మామూలు మాస్క్ స్ప్రే ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి, తలుపులు తెరవండి, దగ్గరలో మంట, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. హార్డెనర్ కలిపే టూకే ప్రైమర్లు ఇంట్లో వద్దనే నా మాట. వాటిలో చాలావాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెప్పించగలవు. వాటికి బయటి గాలి అందించే మాస్కులు, బూత్ ఉన్న చోటు కావాలి. నేరుగా స్ప్రే చేసే వన్‌కే డబ్బాలతో ఇంటి పని బాగానే అవుతుంది.

ముందు అడ్హీషన్ ప్రమోటర్

పాలీప్రొపిలీన్‌కీ ప్రైమర్‌కీ పడదని చెప్పాను కదా. ఇద్దరికీ చుట్టరికం కలిపేది ఇదే. క్లోరిన్ కలిపిన ఒక పాలిమర్ ఇందులో ఉంటుంది, అది అటు ప్లాస్టిక్‌నీ ఇటు ప్రైమర్‌నీ పట్టుకుంటుంది. నీళ్లలా పలచగా, దాదాపు రంగు లేకుండా ఉంటుంది. అందుకే పడిందో లేదో తెలియక ఎక్కువ కొట్టేస్తారు. పలచగా ఒకటి, మహా అయితే రెండు కోట్లు. తడిసినట్టు మెరిస్తే చాలు. మందంగా కొడితే ఆ పొరే మెత్తగా ఉండిపోయి పైపొరని జారనిస్తుంది.

ప్లాస్టిక్ బయటపడిన ప్రతి చోటా పడాలి, అంచులతో సహా. దీని మీద పేపర్ పట్టకండి. దీని తర్వాత ప్రైమర్ కొట్టడానికి ఒక గడువు ఉంటుంది, ఎన్ని నిమిషాలు ఆగాలో, ఎన్ని నిమిషాలు దాటకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే పట్టు తగ్గుతుంది. కాబట్టి ప్రైమర్ డబ్బా ఊపి సిద్ధంగా పెట్టుకున్నాకే ప్రమోటర్ మొదలుపెట్టండి. ఏబీఎస్‌కి ఇది తప్పనిసరి కాదు, అయినా నేను కొడతాను.

ప్రైమర్ కొట్టడం

డబ్బాలో గోలీ కదిలిన చప్పుడు మొదలైనప్పటినుంచి రెండు నిమిషాలు ఊపండి. వాతావరణం 20 డిగ్రీలకు అటూఇటుగా ఉంటే మంచిది. వాన పడే రోజు వద్దు, తేమకి ప్రైమర్ తెల్లబారుతుంది. మండే ఎండలోనూ వద్దు, దారిలోనే ఆరిపోయి పొడిలా రాలుతుంది. డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి, వేడి నీళ్లలో ఎప్పుడూ కాదు.

ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. భాగం బయటే నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలండి. ఒక పట్టీ మీద సగం కప్పుతూ తర్వాతి పట్టీ పోనివ్వండి. చేయి మొత్తం కదలాలి. మణికట్టు మాత్రమే తిప్పితే మధ్యలో దగ్గరై, చివర్లో దూరమై మందం మారిపోతుంది.

మొదటి కోటు కింద రంగు కనిపించేంత పలచగా. మనసు ఆగదు, అయినా ఆగండి. పది నిమిషాల తర్వాత రెండోది, మళ్లీ పది నిమిషాలాగి మూడోది. సన్నటి గీతలు నింపాలంటే ‘ఫిల్లర్ ప్రైమర్’ వాడండి. మూడు కోట్లకే గీతలు మూసుకోలేదంటే తప్పు పేపర్ దగ్గర జరిగింది. ఇంకో ఐదు కోట్లు కొట్టి కప్పేస్తే మందపాటి పొర వంగినప్పుడు పగులుతుంది.

కొట్టాక కనీసం ఒక రాత్రంతా వదిలేయండి. వేలికి అంటుకోకపోవడం వేరు, లోపలిదాకా ఆరడం వేరు. గోరు నొక్కితే అచ్చు పడకూడదు, పేపర్ పట్టినప్పుడు పొడి రాలాలి, జిగురుగా ఉండలు కట్టకూడదు.

ఆరిన ప్రైమర్ మీద నల్ల స్ప్రేని దూరంనుంచి పొగమంచులా చల్లండి. దీన్ని గైడ్ కోట్ అంటారు. ఇప్పుడు బ్లాకు పెట్టి 600తో తడిగా రుద్దితే ఎత్తు చోట్ల నలుపు పోతుంది, గుంటల్లో మిగులుతుంది. నలుపు మొత్తం పోయేదాకా రుద్దండి. మెటాలిక్ రంగు వేయబోతుంటే ఇంకొంచెం ముందుకెళ్లి 800 పట్టండి, మెటాలిక్ కింద గీతలు తేలిగ్గా బయటపడతాయి.

రుద్దుతుండగా అంచు దగ్గర ప్లాస్టిక్ బయటపడితే గుండె జారిపోతుంది గానీ, అందరికీ జరిగేదే. దాన్ని అలా వదిలి రంగు వేయకండి. ఆ చోట మళ్లీ తుడిచి, ప్రమోటర్ పలచగా కొట్టి, రెండు కోట్లు ప్రైమర్ వేసి, ఆరాక సరిచేయండి. రంగు ఊడటం మొదలయ్యేది ఇలాంటి అంచు దగ్గరే.

రంగుకి ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. దీనికోసం భాగం వెనకవైపు అరచేయంత చోట ముందునుంచీ ఇదే వరుసలో చేసి ఉంచండి. ప్రైమర్ ఒకటి రెండు రోజులు ఆరాక కొత్త బ్లేడుతో ప్లాస్టిక్ తగిలేదాకా ఆరు గీతలు నిలువుగా, ఆరు అడ్డంగా, రెండేసి మిల్లీమీటర్ల దూరంలో గీయండి. దాని మీద మంచి జిగురు టేప్ అంటించి, గోటితో గట్టిగా రుద్ది, ఒక్క లాగుతో పీకండి. టేప్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. గీతల వెంట పొడి తప్ప ఏమీ రాకపోతే రంగు డబ్బా ఊపడం మొదలుపెట్టండి. గళ్లకి గళ్లు ఊడి టేప్‌కి వస్తే మాత్రం ముందువైపు ప్రైమర్ కూడా తీసేసి మళ్లీ సబ్బు నీళ్ల దగ్గరికి వెళ్లండి.